అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్‌ఫిరియా, హెచ్‌ఎంబీఎస్ జన్యు మార్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లోని జన్యు సలహా గదుల్లో ఈ జబ్బు పేరు అరుదుగానే వినబడుతుంది. వినబడిన రోజున మాత్రం, ఎదుట కూర్చున్న కుటుంబం అప్పటికే మూడు నాలుగు ఆసుపత్రులు తిరిగి, సంచి నిండా స్కానింగ్ ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు మోసుకొచ్చి ఉంటుంది. ఆ కాగితాల్లో అన్నిటికన్నా పైన ఉండేది జన్యు పరీక్ష రిపోర్టు. అందులో రెండు పంక్తుల అక్షరాలు, అంకెలు తప్ప వారికి అర్థమయ్యేది ఏమీ ఉండదు. కొన్నేళ్లుగా అలాంటి కుటుంబాలు అడుగుతూ వచ్చిన ప్రశ్నలను, నేను చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. చికిత్సకు సంబంధించిన నిర్ణయాలు మీ వైద్యులు తీసుకోవలసినవి. వారితో మాట్లాడేటప్పుడు ఏమి అడగాలో తెలియడానికి ఈ పేజీ పనికొస్తుంది.

ఈ జబ్బు అసలు ఏమిటి?

మన రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థం తయారీలో వచ్చే లోపాలన్నిటినీ కలిపి పోర్‌ఫిరియాలు అంటారు. ఊదా రంగును సూచించే గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. కొందరు రోగుల మూత్రం వెలుతురులో ముదురు ఎరుపుకో ఊదాకో తిరగడమే దానికి కారణం. వీటిలో కొన్ని చర్మాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని నరాలను దెబ్బతీస్తాయి. నరాలను దెబ్బతీసి, ఉన్నట్టుండి విరుచుకుపడే వాటిలో ఎక్కువగా కనిపించేది అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్‌ఫిరియా. స్వీడన్ వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రోమ్ 1937లో తన దేశపు రోగులను కుటుంబాల వారీగా పరిశీలించి, ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బని వివరంగా చూపించారు.

తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు, మలబద్ధకం, గుండె వేగంగా కొట్టుకోవడం, రక్తపోటు పెరగడం, నిద్ర పట్టకపోవడం, మనసు కలత చెందడం దీని లక్షణాలు. పరిస్థితి ముదిరితే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛలు రావచ్చు, చేతులు కాళ్లు చచ్చుబడవచ్చు, ఊపిరి తీసుకునే కండరాలు కూడా బలహీనపడవచ్చు. నొప్పితో రోగి మెలికలు తిరుగుతున్నా కడుపు నొక్కి చూస్తే మెత్తగానే ఉంటుంది. స్కానింగ్‌లో చెప్పుకోదగినదేమీ కనిపించదు. అందుకే ఎంతోమందికి ముందు గ్యాస్ అనీ, తరువాత అపెండిక్స్ అనీ, చివరికి మనసులో ఏదో ఉందనీ చెప్పి పంపిస్తారు.

జన్యువులో ఒక్క అక్షరం మారితే కడుపునొప్పి ఎందుకు రావాలి?

హీమ్ తయారు కావడానికి శరీరంలో ఎనిమిది ఎంజైములు ఒకదాని తరువాత ఒకటి పనిచేయాలి. మొదటి ఎంజైమ్ తయారుచేసే పదార్థాన్ని ఏఎల్‌ఏ అంటారు. రెండో ఎంజైమ్ దాన్ని పీబీజీగా, అంటే పోర్ఫోబిలినోజెన్‌గా మారుస్తుంది. మూడో ఎంజైమ్ నాలుగు పీబీజీ అణువులను వరుసగా గుదిగుచ్చుతుంది. ఈ మూడో ఎంజైమ్‌ను తయారుచేసే సూచనలు హెచ్‌ఎంబీఎస్ అనే జన్యువులో ఉంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా మనకు ఈ జన్యువు రెండు ప్రతులు వస్తాయి. ఒక ప్రతి చెడిపోతే ఎంజైమ్ దాదాపు సగానికి తగ్గుతుంది.

చెరువు తూము సగం పూడిపోయిందనుకోండి. పైనుంచి వచ్చే నీరు కొద్దిగా ఉన్నంతకాలం ఆ సగం తూమే సరిపోతుంది, గట్టుకు ఏమీ కాదు. ఒక్కసారిగా వరద వస్తే మాత్రం తూము ఎగువన నీరు నిలిచి గట్టు పొర్లుతుంది. ఇక్కడ వరదను విడిచేది మొదటి ఎంజైమ్, అంటే కాలేయంలో ఉండే ఏఎల్‌ఏఎస్1. హీమ్ తగినంత ఉన్నప్పుడు ఆ హీమే ఏఎల్‌ఏఎస్1ను అదుపులో ఉంచుతుంది. కొన్ని మందులను అరిగించడానికి కాలేయానికి హీమ్ ఎక్కువ అవసరమవుతుంది. ఉపవాసం ఉన్నప్పుడు కాలేయం తనంతట తానే ఏఎల్‌ఏఎస్1ను పెంచుతుంది. అలా ఎగువన ఉత్పత్తి పెరిగి, మూడో మెట్టు దగ్గర దారి ఇరుకై, ఏఎల్‌ఏ, పీబీజీ రెండూ పోగుపడి రక్తంలోకి పొర్లుతాయి. నరాలకు హాని చేసేది ముఖ్యంగా ఏఎల్‌ఏ అని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. పేగులను నడిపే నరాలు దెబ్బతిన్నప్పుడు కలిగే బాధే మనకు కడుపునొప్పిగా తెలుస్తుంది. పేగు తనంతట తాను బాగానే ఉంటుంది కాబట్టి కోసి చూసినా డాక్టర్లకు ఏమీ దొరకదు.

హెచ్‌ఎంబీఎస్ జన్యువు ఎక్కడ ఉంటుంది? అందులో ఎలాంటి మార్పులు వస్తాయి?

ఇది 11వ క్రోమోజోమ్ పొడవు భుజం మీద ఉంటుంది. సుమారు 10 వేల అక్షరాల పొడవు, 15 ఎక్సాన్లు (ప్రోటీన్ తయారీ సూచనలు ఉండే ముక్కలు) ఉన్న చిన్న జన్యువే. కానీ ఇప్పటివరకు ఇందులో జబ్బుకు సంబంధించిన మార్పులు 400కు పైగా నమోదయ్యాయి. కొన్ని మార్పులు ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఒకదాన్ని మరొకదానితో మారుస్తాయి. కొన్ని మధ్యలోనే పూర్ణవిరామం పెట్టి ప్రోటీన్‌ను అర్ధాంతరంగా ఆపేస్తాయి. కొన్ని ఎక్సాన్లను అతికించే చోట తప్పు చేయిస్తాయి. మరికొన్నిటిలో ఒకటి రెండు అక్షరాలు, అరుదుగా ఒక ఎక్సానంతా ఊడిపోతుంది.

చాలా కుటుంబాల్లో ఎవరి మార్పు వారిదే. ఒక ప్రాంతంలో ఎక్కువమందికి ఒకే మార్పు ఉంటే, వారందరికీ ఎప్పుడో ఒకే పూర్వీకుడు ఉన్నాడని అర్థం. ఉత్తర స్వీడన్‌లో ఎక్కువగా కనిపించే మార్పు 198వ స్థానంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లానికి బదులు పూర్ణవిరామం పెడుతుంది. నెదర్లాండ్స్‌లో 116వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు ట్రిప్టోఫాన్ వచ్చే మార్పు అలాంటిదే. ఫలానా దేశంలో తరచుగా కనిపించే రెండు మూడు మార్పుల కోసం మాత్రమే వెతికే పరీక్ష మన కుటుంబాలకు సరిపోదు. జన్యువు మొత్తాన్ని చదివించాలి.

నా రిపోర్టులో "సి.517 సి నుంచి టి, పి.ఆర్జినిన్ 173 ట్రిప్టోఫాన్" అని ఉంది. దీన్ని ఎలా చదవాలి?

మొదటి భాగం డీఎన్‌ఏ గురించి చెబుతుంది. ప్రోటీన్‌ను రాసే వరుసలో 517వ అక్షరం సి ఉండవలసిన చోట టి ఉందని దాని అర్థం. రెండో భాగం ప్రోటీన్ గురించి చెబుతుంది. ఆ ఒక్క అక్షరం మారడం వల్ల సి జి జి అనే మూడక్షరాల మాట టి జి జి అయింది, దాంతో 173వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం రావలసిన చోట ట్రిప్టోఫాన్ వచ్చింది. ఇది ప్రపంచంలో చాలా చోట్ల, ఒకరికొకరు సంబంధం లేని కుటుంబాల్లో కూడా కనిపించిన మార్పు.

ఆ పక్కనే హెటెరోజైగస్ అనే మాట ఉంటుంది. రెండు ప్రతుల్లో ఒకదానిలోనే మార్పు ఉందని దాని అర్థం. ఇంకో గడిలో ఆ మార్పును ఏ తరగతిలో వేశారో రాస్తారు. మొదట చూడవలసింది ఆ గడినే. అమెరికా వైద్య జన్యుశాస్త్ర సంస్థ 2015లో ప్రకటించిన పద్ధతి ప్రకారం ప్రయోగశాలలు ప్రతి మార్పునూ ఐదు తరగతుల్లో ఒకదానిలో వేస్తాయి: జబ్బు కలిగించేది, బహుశా జబ్బు కలిగించేది, అర్థం తేలనిది, బహుశా హానిలేనిది, హానిలేనిది.

"అర్థం తేలని మార్పు" అని రాశారు. జబ్బు ఉన్నట్టా, లేనట్టా?

ఆ కాగితం ఒక్కటే చూసి చెప్పలేము. అలాంటి మార్పు ఒక్కటే ఆధారంగా ఎవరికీ పోర్‌ఫిరియా ఉందని ముద్ర వేయకూడదు, ఇంట్లోవారికి పరీక్షలు చేయించకూడదు. నొప్పి ఉన్నప్పుడు మూత్రంలో పీబీజీ బాగా పెరిగి ఉందా అన్నది చూడాలి. పెరిగి ఉంటే ఆ మార్పు మీద అనుమానం బలపడుతుంది. రెండు మూడేళ్లకోసారి ప్రయోగశాలను అడిగి ఆ మార్పును కొత్త సమాచారంతో మళ్లీ బేరీజు వేయించుకోవచ్చు. మన దేశపు జనాభా జన్యు సమాచారం విదేశీ డేటాబేసుల్లో తక్కువగా ఉండటం వల్ల మనవారి రిపోర్టుల్లో ఈ మాట ఎక్కువగా వస్తుంది. ఈ లోటు నన్ను నిజంగా బాధపెడుతుంది.

రక్తంలో ఎంజైమ్ మామూలుగానే ఉందన్నారు. అయినా జన్యువులో మార్పు దొరికింది. ఏది నిజం?

రెండూ నిజం కావచ్చు. ఈ జన్యువు ఎంజైమ్‌ను రెండు రకాలుగా తయారుచేస్తుంది. శరీరమంతటా పనిచేసే రకంలో 361 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఎర్రరక్తకణాల కోసం తయారయ్యే రకంలో 344 ఉంటాయి. రెండో రకం తయారీలో మొదటి ఎక్సాన్‌ను వాడుకోరు. కాబట్టి మార్పు మొదటి ఎక్సాన్‌లోనో, దాన్ని ఆనుకొని ఉన్న అతుకులోనో ఉంటే ఎర్రరక్తకణాల్లో ఎంజైమ్ నిండుగానే ఉంటుంది, కాలేయంలో మాత్రం సగమే ఉంటుంది. వందమంది రోగుల్లో ఐదుగురు ఇలాంటివారు. రక్తంలో ఎంజైమ్ పరీక్ష బాగుందన్న ఒక్క కారణంతో జబ్బును కొట్టిపారేయకూడదని చెప్పడం ఇందుకే.

మార్పు ఉందంటే జబ్బు వచ్చినట్టేనా?

కాదు. ఎవరు ఎదుట కూర్చున్నా ఈ జవాబునే ముందు చెప్పి, వెళ్లేటప్పుడు మళ్లీ చెబుతాను. యూరప్ సంతతి జన్యు సమాచారాన్ని పరిశీలించిన అధ్యయనాల్లో హానికరమైన హెచ్‌ఎంబీఎస్ మార్పులు సుమారు 1300 నుంచి 1700 మందికి ఒకరిలో కనిపించాయి. అదే యూరప్‌లో నొప్పులతో బయటపడిన రోగులు పది లక్షలకు ఐదారుగురే. అంటే మార్పు మోస్తున్నవారిలో నూటికి తొంభై తొమ్మిది మంది ఏ నొప్పీ ఎరగకుండానే జీవితం గడుపుతున్నారు.

అయితే ఆ లెక్క జనాభా మొత్తానిది. ఇప్పటికే ఒకరికి జబ్బు బయటపడిన కుటుంబంలో లెక్క మారుతుంది. ఫ్రాన్స్‌లో 2018లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో అలాంటి కుటుంబాల్లో మార్పు ఉన్నవారిలో సుమారు 23 శాతం మందికి నొప్పులు వచ్చాయి. ఒకే ఇంట్లో ఒకే మార్పు ఉన్న అక్కకు నొప్పులు వచ్చి తమ్ముడికి రాకపోవడానికి కారణం కొంత మిగతా జన్యువుల్లో ఉండవచ్చు. కొంత మాత్రం తినే తిండిలో, వాడే మందుల్లో, హార్మోన్లలో ఉంది. యుక్తవయసుకు ముందు నొప్పులు రావడం చాలా అరుదు. 15 నుంచి 45 ఏళ్ల మధ్య, అందులోనూ స్త్రీలలో ఎక్కువ. చాలామందికి బహిష్టుకు ముందు వారంలో, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరిగే రోజుల్లో నొప్పి మొదలవుతుంది.

నిద్రాణంగా ఉన్న జబ్బును రేపేవి ఏమిటి?

అన్నిటికన్నా ముందు మందులు. ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్, కార్బమాజెపైన్, సోడియం వాల్‌ప్రోయేట్ వంటి మూర్ఛ మందులు, క్షయకు వాడే రిఫాంపిసిన్, సల్ఫా మందులు, తామరకు మింగే గ్రిసియోఫుల్విన్, ప్రొజెస్టిరాన్ ఉన్న హార్మోన్ మాత్రలు ప్రమాదకరమైనవి. పోర్‌ఫిరియా వల్లే మూర్ఛ వచ్చిన రోగికి ఆ సంగతి తెలియక ఫెనిటాయిన్ ఇస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. మరోవైపు పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, మార్ఫిన్, అమాక్సిసిలిన్ వంటివి వాడదగినవే. ఏ మందూ వాడకూడదన్న భయంతో జ్వరాన్ని, చీము పట్టిన పుండును వదిలేయడం కూడా తప్పే. ఇన్ఫెక్షన్ కూడా జబ్బును రేపుతుంది. పోర్‌ఫిరియా వైద్య బృందాలు ఇంటర్నెట్‌లో ఉంచిన మందుల జాబితాలు ఉన్నాయి. కొత్త చీటీ రాసినప్పుడల్లా మీ డాక్టరుకు వాటిని చూపించండి. మందుల దుకాణంలో చెప్పి కొనుక్కునే అలవాటును మాత్రం ఈ ఇళ్లలో పూర్తిగా మానుకోవాలి.

రెండోది ఆకలి. ఏకాదశి, కార్తీక సోమవారాలు, శివరాత్రి, రంజాన్ రోజాలు, ఆదివారం ఉపవాస ప్రార్థనలు, మాదాపూర్ జిమ్ములలో చెప్పే పదహారు గంటల ఉపవాసం, అన్నం మానేసే కీటో డైట్, ఇవన్నీ కాలేయానికి ఒకటే. నొప్పులు వచ్చిన చరిత్ర ఉన్నవారు ఏ ఉపవాసమూ చేయకూడదు. ఈ మాట పెద్దవారికి చెప్పేటప్పుడు మొహమాటం అక్కరలేదు. అనారోగ్యం ఉన్నవారికి మినహాయింపు ఏ మతంలోనైనా ఉన్నదే. ఒక పెద్దావిడ నాతో, "అమ్మవారికి నా బదులు నా కోడలు ఉపవాసముంటుందిలే, బిడ్డ అన్నం తిననీ" అంది. ఆ ఇంట్లో అంతకన్నా గొప్ప చికిత్స ఏ డాక్టరూ రాయలేదని నా అభిప్రాయం.

మద్యం, కల్లు, సిగరెట్టు, తీవ్రమైన మానసిక ఒత్తిడి, పెద్ద ఆపరేషన్లు కూడా ఈ కోవలోవే.

మాది మేనరికం. అందువల్లే వచ్చిందా?

ఈ ప్రశ్న వెనుక చాలాసార్లు ఎవరో ఒకరి మీద నింద ఉంటుంది. కాబట్టి స్పష్టంగా చెబుతాను: మేనరికం ఈ జబ్బుకు కారణం కాదు. మేనమామకో, మేనత్త కొడుక్కో ఇచ్చి చేసిన పెళ్లిళ్లలో ఎక్కువగా బయటపడేవి రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బులు. అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్‌ఫిరియాకు ఒక్క ప్రతి చెడినా చాలు. అది తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచి రావచ్చు. ప్రతి కాన్పులోనూ, ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా, మార్పు అందే అవకాశం సగానికి సగం. చాలా అరుదుగా తల్లిదండ్రులిద్దరిలో ఎవరికీ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుడుతుంది.

మేనరికంతో సంబంధం ఉన్న సందర్భం ఒకటుంది. ఒకే కుటుంబపు మార్పును భార్యాభర్తలిద్దరూ మోస్తూ ఉంటే, బిడ్డకు రెండు చెడిన ప్రతులు రావచ్చు. అలాంటి పిల్లలు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే నమోదయ్యారు. వారికి చిన్నతనంలోనే మెదడు ఎదుగుదల తీవ్రంగా దెబ్బతింటుంది. కాబట్టి ఇప్పటికే మార్పు దొరికిన ఇంట్లో మళ్లీ మేనరికం అనుకుంటున్నవారు పెళ్లికి ముందే ఇద్దరికీ పరీక్ష చేయించుకోవాలి.

ఇలాంటి నొప్పులకు కారణమయ్యే జన్యువులు ఇంకా ఉన్నాయా?

మరో మూడు ఉన్నాయి. సీపీఓఎక్స్ జన్యువులో మార్పు వల్ల హెరిడిటరీ కోప్రోపోర్‌ఫిరియా, పీపీఓఎక్స్‌లో మార్పు వల్ల వేరిగేట్ పోర్‌ఫిరియా వస్తాయి. ఈ రెండింటిలో కొందరికి ఎండ తగిలిన చోట చర్మం బొబ్బలెక్కుతుంది. దక్షిణాఫ్రికాలోని వేరిగేట్ పోర్‌ఫిరియా కుటుంబాల్లో ఎక్కువ భాగం 1688లో అక్కడ పెళ్లి చేసుకున్న ఒక డచ్ దంపతుల సంతతి. వారందరిలోనూ పీపీఓఎక్స్ 59వ స్థానంలో అదే మార్పు కనిపిస్తుంది. నాలుగోది ఏఎల్‌ఏడీ జన్యువు. దానివల్ల జబ్బు రావాలంటే రెండు ప్రతులూ చెడాలి, అది అత్యంత అరుదు.

పరీక్షలు ఏ వరుసలో చేయించాలి?

ముందు మూత్రం, తరువాత జన్యువు. ఈ వరుస తప్పితే డబ్బు, కాలం రెండూ వృథా. నొప్పి ఉన్న సమయంలో ఒక్కసారి పట్టిన మూత్రంలో పీబీజీ, ఏఎల్‌ఏ, క్రియాటినిన్ చూస్తే చాలు, ఇరవై నాలుగు గంటల మూత్రం పోగుచేయనక్కరలేదు. నొప్పికి పోర్‌ఫిరియాయే కారణమైతే పీబీజీ సాధారణంగా మామూలు కన్నా ఎన్నో రెట్లు పెరిగి ఉంటుంది. నొప్పి తీవ్రంగా ఉన్న సమయంలో పీబీజీ మామూలుగా ఉంటే, ఆ నొప్పికి కారణం వేరే వెతుక్కోవాలి. చికిత్సగా హీమ్ ఇంజెక్షన్ (హీమిన్) ఇచ్చాక ఈ అంకెలు పడిపోతాయి కాబట్టి నమూనా ముందే తీయాలి.

మూత్రం సీసాకు వెలుతురు తగలకూడదు. వంటింట్లో వాడే అల్యూమినియం రేకు చుట్టి, మంచుముక్కల మధ్య పెట్టి పంపాలి. నేను మొదట చూసిన రోగుల్లో ఒక అమ్మాయికి పొట్ట మీద అపెండిక్స్ ఆపరేషన్ మచ్చ ఉంది. నొప్పి మాత్రం ఆపరేషన్ తరువాత కూడా పోలేదు. ఆమె చేరిన ఒక ఆసుపత్రిలో నమూనా సీసాను మూత బిగించి కిటికీ గట్టు మీద పెట్టి మరిచిపోయారు. ఉదయం పట్టినప్పుడు లేత పసుపుగా ఉన్న మూత్రం, మధ్యాహ్నానికి ఎండ పడిన వైపు నుంచి మొదలై చిక్కటి చింతపండు రసం రంగుకు తిరిగింది. పరీక్షకు ఆ నమూనా పనికిరాకుండా పోయింది. ఆ రంగును చూసి నర్సు డాక్టరును పిలవడంతోనే మూడేళ్లుగా దొరకని జబ్బు పేరు ఆ రోజు దొరికింది. అయితే మూత్రం రంగు మారని రోగులూ ఉంటారు. రంగును నమ్ముకొని పరీక్ష మానవద్దు.

మూత్ర పరీక్ష జబ్బును నిర్ధారించాక, ఏ రకమో తేల్చడానికి హెచ్‌ఎంబీఎస్, సీపీఓఎక్స్, పీపీఓఎక్స్ జన్యువులను చదివిస్తారు. ఇలా అక్షరాలను చదివే మామూలు సీక్వెన్సింగ్‌లో ఏమీ దొరకకపోతే, పెద్ద ముక్క ఊడిపోయిందేమో చూడటానికి ఎంఎల్‌పీఏ అనే పరీక్ష చేయాలి. "జన్యు పరీక్షలో ఏమీ లేదు" అన్న మాట విన్నప్పుడు ఈ రెండో పరీక్ష జరిగిందో లేదో అడగండి.

హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలి?

ప్రభుత్వ రంగంలో ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి కలిసి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఒక ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఆ విధానంలో అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్‌ఫిరియాకు వాడే హీమిన్ మందు ప్రస్తావన ఉంది. అర్హులైన రోగులకు ఇలాంటి కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల వరకు సాయం అందించే వీలు ఉంది. నొప్పి వచ్చిన రాత్రి మాత్రం ఇవేవీ వెతుక్కుంటూ కూర్చోకుండా, ఐసీయూ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లడమే సరైనది.

మా ఇంట్లో ఇంకెవరు పరీక్ష చేయించుకోవాలి?

మార్పు దొరికిన వ్యక్తి తల్లిదండ్రులు, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, పిల్లలు. మార్పు తండ్రి వైపు నుంచి వచ్చిందని తేలితే పెదనాన్న, చిన్నాన్న, మేనత్తల కుటుంబాలు, తల్లి వైపు నుంచి వచ్చిందని తేలితే మేనమామ, పెద్దమ్మ, పిన్నిల కుటుంబాలు. వీరికి జన్యువు మొత్తం చదివించనక్కరలేదు. కుటుంబంలో దొరికిన ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూస్తే చాలు, ఖర్చూ తక్కువే. పరీక్షకు వచ్చేటప్పుడు మొదటి వ్యక్తి రిపోర్టు నకలు తప్పక తెచ్చుకోండి, అది లేకపోతే ఎక్కడ చూడాలో ప్రయోగశాలకు తెలియదు. మార్పు లేదని తేలినవారికి ఈ జబ్బు భయం ఉండదు. వారి పిల్లలకు పరీక్ష అవసరం లేదు.

నేను ప్రతి కుటుంబానికీ ఒక తెల్లకాగితం మీద చతురస్రాలు, వృత్తాలతో వంశవృక్షం గీస్తాను. గీస్తూ ఉండగానే, "మా మేనత్త ఒకామె కాన్పు తరువాత కాళ్లు చేతులు పడిపోయి చనిపోయింది, గాలి సోకిందన్నారు" అన్న మాటలు వస్తాయి. ఆ మేనత్తకు ఏమైందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. ఆమె పిల్లలను మాత్రం పిలిపించవచ్చు. చాలా ఇళ్లలో ఈ కబురు అందించడమే కష్టం. ఆస్తి తగాదాలతో పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఉంటారు. అలాంటప్పుడు నేను ఒక ఉత్తరం రాసి ఇస్తాను. ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని వాట్సాప్‌లో పంపినా సరిపోతుంది. పిల్లల విషయంలో, యుక్తవయసు దగ్గరపడే ముందు పరీక్ష చేయించడం మంచిదన్నది నా అభిప్రాయం. ఏ మందులు కూడదో అప్పటికే తెలిసి ఉండటం దానివల్ల కలిగే లాభం.

పెళ్లి, పిల్లల సంగతి?

ఈ మార్పు ఉన్నవారు పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. చాలామంది స్త్రీలకు కాన్పులు సజావుగానే జరుగుతాయి. గర్భిణులు వేవిళ్లతో తిండి మానేసిన రోజుల్లో జాగ్రత్తగా ఉండాలి, నోటితో తీసుకోలేకపోతే గ్లూకోజ్ ఎక్కించుకోవాలి. మార్పు ఉన్న చాలామందికి జబ్బే రాదు కాబట్టి, కడుపులో బిడ్డకు దీని కోసం పరీక్ష చేయించమని సాధారణంగా సలహా ఇవ్వరు. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు చెప్పాలా వద్దా అని అడుగుతారు. చెప్పాలనే నేనంటాను. చేసుకోబోయేవారికి ముందే తెలిస్తే, అర్ధరాత్రి ఆసుపత్రిలో డాక్టరు ముందు నిలబడి చెప్పవలసిన మాట వారికి తెలిసి ఉంటుంది.

ఈ జన్యు మార్పును సరిచేయవచ్చా?

రోగులకు రోజువారీ చికిత్సగా అది ఇంకా అందుబాటులో లేదు. ఇప్పుడున్న చికిత్సలన్నీ ఎగువన వచ్చే వరదను తగ్గించేవే. నొప్పి తేలికగా ఉంటే పిండిపదార్థాలు బాగా తినిపించడం, తినలేకపోతే గ్లూకోజ్ ఎక్కించడం మొదటి పని. నొప్పి తీవ్రమైతే హీమిన్‌ను రక్తనాళం ద్వారా, కిలో బరువుకు 3 నుంచి 4 మిల్లీగ్రాముల చొప్పున సాధారణంగా నాలుగు రోజులు ఇస్తారు. శరీరానికి హీమ్ బయటి నుంచే అందడంతో కాలేయం ఏఎల్‌ఏఎస్1 ఉత్పత్తిని తగ్గిస్తుంది. దీన్ని రోగులకు మొదటిసారి 1971లో ఇచ్చారు. అమెరికాలో 1983లో అనుమతి వచ్చింది. మన దగ్గర ఇది సులభంగా దొరకదు. అందుకే నొప్పులు మళ్లీ మళ్లీ వచ్చేవారు మందు ఎక్కడ, ఎన్ని రోజుల్లో దొరుకుతుందో బాగున్నప్పుడే ఆసుపత్రితో మాట్లాడి పెట్టుకోవాలి.

తరచుగా నొప్పులు వచ్చే కొద్దిమంది కోసం గివోసిరాన్ అనే మందుకు అమెరికాలో 2019 నవంబరులో అనుమతి ఇచ్చారు. ఇది ఏఎల్‌ఏఎస్1 సూచనలను మోసుకెళ్లే ఆర్‌ఎన్‌ఏను కాలేయంలోనే నాశనం చేస్తుంది. నెలకోసారి చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఖరీదు చాలా ఎక్కువ. ఏ మందుకూ లొంగని నొప్పులకు కాలేయ మార్పిడి చేస్తారు. హీమ్ తయారీ లోపం నొప్పులకు దారితీసేది కాలేయంలోనే కాబట్టి, మార్పిడి తరువాత నొప్పులు ఆగిపోతాయి. శరీరంలోని మిగతా కణాలన్నిటిలో ఆ జన్యు మార్పు అలాగే ఉన్నా నొప్పులు రావు.

నాకు ఎప్పుడూ నొప్పి రాలేదు, మార్పు మాత్రం ఉంది. ఏమైనా చూసుకోవాలా?

రక్తపోటు, మూత్రపిండాల పనితీరు ఏటా చూపించుకోండి. 50 ఏళ్లు దాటాక కాలేయ క్యాన్సర్ అవకాశం మామూలు కన్నా ఎక్కువ. కాబట్టి ఆ వయసు నుంచి ఆరు నెలలకోసారి కాలేయానికి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలని వైద్యులు చెబుతారు, ముఖ్యంగా నొప్పులు వచ్చినవారికి, పీబీజీ ఎప్పుడూ ఎక్కువగా ఉండేవారికి.

అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్తే ఏమి చూపించాలి?

జన్యు రిపోర్టు మొత్తం చదివే తీరిక అత్యవసర విభాగంలో ఎవరికీ ఉండదు. ఆధార్ కార్డంత కాగితం మీద ఈ నాలుగు మాటలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయించి, లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకోండి: నాకు అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్‌ఫిరియా ఉంది. మందులు ఇచ్చేముందు పోర్‌ఫిరియా జాబితా చూడండి. నోటితో తినలేకపోతే గ్లూకోజ్ మొదలుపెట్టి సోడియం చూస్తూ ఉండండి. మూత్రం పీబీజీకి పంపాక హీమిన్ సంగతి ఆలోచించండి. వెనక వైపు మీ డాక్టరు ఫోన్ నంబరు, మీ జన్యు మార్పు పేరు రాయండి. మరో నకలు ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. మీకు మాట్లాడే ఓపిక లేని రోజున అక్కడి నుంచి తీసి పట్టుకెళ్లేవారు ఒకరుంటారు.